కడ్డీలా మారిన ఆకులో మిగిలింది పైముఖమా, కిందిముఖమా?

గరాటాకు:
నమస్కారం. జన్యువుల్లో మార్పులు (ఉత్పరివర్తనలు) తెచ్చే ఈఎంఎస్ రసాయనంతో శుద్ధి చేసిన అరబిడాప్సిస్ (ఆవాల కుటుంబపు చిన్న ప్రయోగ మొక్క) విత్తనాల నుంచి వచ్చిన రెండో తరం మొక్కలను పెంచుతున్నాను. ఒక కుటుంబంలో దాదాపు పావు వంతు మొక్కల ఆకులు విచ్చుకోకుండా సన్నని కడ్డీల్లా నిలబడ్డాయి. సగం మొక్కలకు గరాటా ఆకారపు ఆకులు వచ్చాయి, మిగిలినవి మామూలుగానే ఉన్నాయి. రెండు వేర్వేరు ఉత్పరివర్తనలు కలిసి ఉన్నాయేమోనని నా అనుమానం. పృష్ఠోదర పత్రం (పై, కింది ముఖాలు వేర్వేరుగా ఉండే ఆకు) నిర్వచనాన్ని ఇంటర్మీడియట్‌లో కంఠతా పట్టినవాడినే గాని, ఆ రెండు ముఖాలను ఏ అనులేఖన కారకాలు (ఇతర జన్యువులను పనిచేయించే లేదా ఆపే ప్రొటీన్లు) నిర్ణయిస్తాయో అప్పట్లో ఆలోచించలేదు. కడ్డీ ఆకులో ఏ ముఖం పోయిందో తెలుసుకునే మార్గాన్ని అనుభవం ఉన్నవారు తెలుపగలరు.

అడ్డుకోత:
బయటి రూపాన్ని చూసి చెప్పడం కుదరదు, ఎందుకంటే ఏ ముఖం పోయినా మిగిలేది కడ్డీయే. పైముఖపు కణాలు, కిందిముఖపు కణాలు ఒకదానినొకటి ఆనుకుని ఉన్న హద్దు దగ్గరే పత్రదళం (ఆకు వెడల్పు భాగం) పక్కలకు పెరగడం మొదలవుతుంది; ఒక పక్షం లేకపోతే హద్దు లేదు, హద్దు లేకపోతే దళం లేదు. యాంటిరైనం అనే పూలమొక్కలో ఫాంటాస్టికా అనే ఉత్పరివర్తనను పరిశీలించి వెయిట్స్, హడ్సన్ 1995లో ఈ ప్రతిపాదన చేశారు. ఆ జన్యువు మిబ్ కుటుంబపు అనులేఖన కారకాన్ని ఇస్తుందని 1998లో తేలింది. ఆ మొక్కల లోపం చలిని బట్టి మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి: 17 డిగ్రీల దగ్గర లోపం ముదురుతుంది, వెచ్చగా ఉంటే తగ్గుతుంది. మా పెంపకపు గదిలో ఉష్ణోగ్రత అదుపు తప్పిన ఒక నెలలో అవే విత్తనాలు నాకు వేరే మొక్కల్లా కనిపించాయి.

అరబిడాప్సిస్‌లో పైముఖం పక్షాన హెచ్‌డి-జిప్ 3 కుటుంబానికి చెందిన ఫాబ్యులోసా, ఫావొల్యూటా, రెవొల్యూటా పనిచేస్తాయి, కిందిముఖం పక్షాన కనాడి, యాబీ కుటుంబాలు ఉంటాయి. హెచ్‌డి-జిప్, కనాడి పక్షాలు ఒకదాన్నొకటి అణచిపెడతాయి. అది చాలదన్నట్టు, 21 న్యూక్లియోటైడ్ల పొడవుతో, 165, 166 సంఖ్యలతో పిలిచే చిన్న మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కిందివైపు కణాల్లో హెచ్‌డి-జిప్ 3 సందేశాన్ని (ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి వెళ్లే ప్రతిని) తుంచివేస్తాయి.

కాబట్టి ముందు ఆకుకు అడ్డుకోత తీయండి. మామూలు ఆకు ఈనెలో దారువు (నీటిని మోసే కణజాలం) పైవైపున, పోషక కణజాలం (ఆహారాన్ని మోసేది) కిందివైపున ఉంటాయి. కడ్డీలో దారువు మధ్యలో ఉండి పోషక కణజాలం దాని చుట్టూ ఉంటే మిగిలింది కిందిముఖం. దారువే చుట్టూ ఉంటే మిగిలింది పైముఖం. పైముఖానికి గుర్తుగా ఆకు కేశాలను (నూగును) మాత్రం మొదటి కొన్ని ఆకుల్లోనే నమ్మాలి, ముదిరే కొద్దీ అవి కిందివైపున కూడా వస్తాయి.

ఇక మీ పావు, సగం, పావు లెక్కకు రెండు ఉత్పరివర్తనలు అవసరం లేదు. ఒకే జన్యువు, అసంపూర్ణ బహిర్గతత్వం (మారిన ప్రతి ఒకటే ఉంటే మధ్యరకం రూపం, రెండూ ఉంటే పూర్తి లోపం) సరిపోతాయి. కనాడి ఒకటి పోయినప్పుడు మరొకటి చాలావరకు ఆ పని చూసుకుంటుంది, పైగా ఆ లోపం అంతర్గతం (రెండు ప్రతులూ పోతేనే కనబడుతుంది). నా ఊహ హెచ్‌డి-జిప్ 3 వైపే మొగ్గుతోంది.

వరిమడి:
వరి మీద పనిచేసేవారికి ఒక హెచ్చరిక. ఆకు చుట్టుకున్నంత మాత్రాన అది ముఖాల లోపం కాదు. ఈఎంఎస్ శుద్ధి చేసిన సాంబ మసూరి మడిలో ఒక మధ్యాహ్నం నలభైకి పైగా మొక్కలకు చీటీలు కట్టాను. సాయంత్రం నీరు పెట్టాక, మర్నాడు చూస్తే వాటిలో మూడే చుట్టుకుని ఉన్నాయి, ఆ మూడింటిలోనూ ఒకదానిలో ఆకుముడత పురుగు కనబడింది. వరి ఆకు పైముఖంలో ఉండే బుల్లిఫారం కణాలు (నీటితో ఉబ్బే పెద్ద కణాలు) నీరు కోల్పోగానే ఆకు లోపలికి ముడుచుకుంటుంది. నిజమైన లోపాలూ లేకపోలేదు. కనాడి కుటుంబపు ఎస్‌ఎల్‌ఎల్1 జన్యువు పనిచేయని వరిలో కిందివైపు గట్టి కణజాలం సరిగా ఏర్పడక ఆకు గొట్టంలా చుట్టుకుంటుందని 2009లో చూపారు.

యాబీ పేరు వినగానే కిందిముఖం అనుకోవడం కూడా వరిలో కుదరదు. డ్రూపింగ్ లీఫ్ అనే యాబీ జన్యువు పోతే నడిమి ఈనె ఏర్పడక ఆకు వాలిపోతుంది, పువ్వులో ఫలదళాల స్థానంలో కేసరాలు వస్తాయి.

వృక్షశాస్త్రం_మేడం:
డిగ్రీ విద్యార్థులకు నేను ఉల్లికాడ చూపిస్తాను. గొట్టంలాంటి ఆ ఆకు బయటి తలమంతా కిందిముఖానికి సమానమైనదే అంటే మొదట ఎవరూ నమ్మరు. ఒక సందేహం: 1950ల తొలినాళ్లలో ససెక్స్ అనే శాస్త్రవేత్త బంగాళదుంప మొక్కలో ఆకు మొలిచే చోటుకూ అగ్ర విభాజ్య కణజాలానికీ (కొత్త ఆకులు పుట్టే కొన కణజాలానికీ) మధ్య గాటు పెడితే కడ్డీ ఆకు వచ్చింది గదా, పైముఖపు సంకేతం అగ్రం నుంచే వస్తుందని పాఠంలో చెప్పవచ్చా?

అడ్డుకోత:
మేడం గారూ, ప్రయోగ ఫలితాన్ని చెప్పండి, 2005లో టమాటాలో కూడా దాదాపు అలాంటి ఫలితమే వచ్చింది. కానీ సంకేతం సంగతిని తీర్పుగా చెప్పకండి. ఆకు మొలవకముందే అగ్ర కణజాలంలో హెచ్‌డి-జిప్ 3, కనాడి మండలాలు వేరుపడి ఉంటాయని, ఆ హద్దు మీదే ఆకు పుడుతుందని 2017 నాటి పరిశోధన వాదిస్తోంది. నాకు ఆ వాదనే బలంగా తోస్తుంది.

గరాటాకు:
అడ్డుకోత గారూ, మీ ఊహ నిజమైంది. కడ్డీల్లో దారువు పోషక కణజాలాన్ని చుట్టి ఉంది. మామూలుగా పైవైపునే వచ్చే చిన్న మొగ్గలు ఆకు మొదలు కిందివైపున కూడా కనిపించాయి. ఫాబ్యులోసా జన్యువును చదివిస్తే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అతుక్కునే చోట ఒక్క అక్షరం జి నుంచి ఏగా మారింది, అంటే ఆ సందేశం తునగకుండా మిగిలిపోతుండాలి. అయితే దాంతో ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లం కూడా మారుతోంది. తప్పు ప్రొటీన్‌దని ఎవరైనా అంటే ఏమనాలి?

అడ్డుకోత:
2001లో ఈ జన్యువులను గుర్తించినవారు కూడా మొదట ప్రొటీన్‌లోని స్టార్ట్ అనే భాగమే కారణమనుకున్నారు. తర్వాత అమైనో ఆమ్లం మారకుండా సందేశంలోని అక్షరాలను మాత్రమే మార్చి చూస్తే అదే లోపం వచ్చింది. మీరు కూడా అలాంటి నిశ్శబ్ద మార్పుతో జన్యువును మామూలు మొక్కలో పెట్టి చూడండి. ఈలోగా గరాటా మొక్కల విత్తనం దాచుకోండి; నా దగ్గర కడ్డీ మొక్కలు ఎప్పుడూ కాయలు పట్టలేదు.