అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, నాకు 35. పిన్ని పాలు మాన్పించమంటోంది

తెనాలి అమ్మాయి:
మా అమ్మకి 46 ఏళ్లప్పుడు రొమ్ములో గడ్డ, క్యాన్సరని తేలింది. ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు 57, బాగానే ఉంది. నా చిన్నదానికి తొమ్మిదో నెల, ఇంకా పాలిస్తున్నా. మా వీధిలో ఇంకొకావిడకి వచ్చిందని తెలిసినప్పటినుంచి వాట్సాప్ నిండా సలహాలే. నల్ల బ్రా వద్దట, సోయా ముట్టకూడదట, పరగడుపున పసుపు నీళ్లట. మా పిన్నయితే "పాలు మాన్పించెయ్, నీకే మంచిది" అంటోంది. వీటిలో పనికొచ్చేది ఏదన్నా ఉందా?

రిటైర్డ్ నర్సమ్మ:
పాలు మాత్రం మాన్పించకు తల్లీ. పాలిస్తే ముప్పు తగ్గుతుందే గానీ పెరగదు. 30 దేశాల్లో చేసిన 47 అధ్యయనాలు కలిపి 2002లో లెక్క తేల్చారు: మొత్తం మీద పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ 4.3 శాతం చొప్పున తగ్గుతుందని. నల్ల బ్రా కబురు పంపినవాళ్లకి వేరే పని లేదు. సోయా తిను. పసుపు పులుసులో ఉంటే చాలు.

నువ్వు అడగాల్సింది వేరే ఉంది. అమ్మకి బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (ఈ జబ్బు ముప్పు పెంచే లోపం జన్యువుల్లో ఉందేమో చూసేది) చేయించారా? అది ముందు జబ్బు వచ్చినావిడకే చేయాలి. ఆవిడలో లోపం దొరికితే నీలో అదొక్కటీ వెతికితే సరిపోతుంది. నీకొక్కదానికే చేయించి "ఏమీ లేదు" అని వస్తే, దాన్ని పట్టుకుని నిశ్చింతగా ఉండలేం.

ఇంకోటి. తల్లికి వచ్చిన వయసుకి పదేళ్ల ముందు నుంచే మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) మొదలెట్టమని చాలామంది డాక్టర్లు చెప్తారు. అంటే నీకు వచ్చే ఏడే. పాలిస్తున్నావని ముందే చెప్పు, ఆ రోజుల్లో ఫిల్ము అంత స్పష్టంగా రాదు. చేతికి గడ్డ తగిలితే మాత్రం పాలు గడ్డకట్టాయిలే అని ఊరుకోకు.

చిలకలూరిపేట పెద్దమ్మ:
నాకు 56. ముట్లు ఆగాక, ఈ జబ్బు ముప్పు పెంచే ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారయ్యేది ఎక్కువగా ఒంట్లో కొవ్వులోనేనట, అందుకే ఈ వయసులో పెరిగే బరువే మాకు చేటు. రాత్రి అన్నం మానేసి, రైతుబజారుకి ఆటో ఎక్కకుండా నడిచిపోతున్నా. ఆవిర్లు తట్టుకోలేక హార్మోన్ మాత్రలడిగితే, మా డాక్టరమ్మ ముందు ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా అని ఆరా తీసింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఏళ్ల తరబడి వాడితే ముప్పు పెరుగుతుందట.

న్యూజెర్సీ కోడలు:
ఇక్కడ 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి మామోగ్రామ్ తీయించుకోమని 2024లో సిఫారసు చేశారు. గుండెకి మంచిదంటూ మన పార్టీల్లో వైన్ పోస్తారు చూడండి, రోజుకో గ్లాసైనా రొమ్ముకి మంచిది కాదు. ఆ మాటంటే నావైపు అదోలా చూస్తారు!

తెనాలి అమ్మాయి:
పరీక్షకి అమ్మని ఒప్పిస్తా నర్సమ్మగారూ. మా తమ్ముడికి ఈ బాధ లేదు కదా?

రిటైర్డ్ నర్సమ్మ:
ఎందుకు లేదు? అమ్మలో ఆ లోపముంటే కొడుక్కైనా కూతురికైనా వచ్చే అవకాశం సగం. మగాళ్లకి ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, వాళ్లనుంచి ఆ లోపం వాళ్ల ఆడపిల్లలకీ దిగొచ్చు. రిపోర్టు రాగానే అతన్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.