సమస్యాపూరణం: పైది క్రిందు సేయఁ బట్టె మూల

నిర్వాహకుడు: ఈ వారం ఇచ్చినది ఆటవెలది నాల్గవ పాదం. గోడా కప్పూ కలిసే చోట పెట్టే కార్నిస్ పట్టెను ఇంట్లో మనమే కోసి అమర్చుకొనే పని మీదనే పూరణ సాగాలి. పాదాదిలోని 'పై'కీ నాల్గవ గణం మొదటనున్న 'బ'కూ యతి చెల్లింది. 'సేయఁ బట్టె' అన్నచోట విరుపు మీ ఇష్టం.

మొదటి పూరణ (నిజామాబాదు సభ్యురాలు)

కోఁత పెట్టెలోనఁ గొలిచి పట్టెను నిల్పి
యడుగునందుఁ గప్పునంచు నుంచి
రంప మీడ్వ రెండు రహిఁ గూడె నొక్కటై
పైది క్రిందు సేయఁ బట్టె మూల.

నిర్వాహకుడు: అమ్మా, పని తెలిసిన చేతి పద్యమిది. కోతపెట్టె (రంపం దిగడానికి వాలు గాడులున్న పెట్టె) అడుగును కప్పుగానూ, దాని నిలువు పలకను గోడగానూ భావించుకొని పట్టెను తలక్రిందులుగా ఆనించి పట్టుకొంటేనే 45 డిగ్రీల గాడిలో రంపం సరైన వాలుతో దిగుతుంది. ఆ కిటుకంతా మీ రెండవ పాదంలో ఇమిడిపోయింది. 'కప్పునంచు' నుగాగమంతో (నడుమ 'న' చేరి) సాధువే. అయితే 'కొలిచి' అన్నారు గాని ఏ అంచును కొలిచారో చెప్పలేదు. గది లోపలి మూలలో గోడనంటే అంచు మూల దాకా పోతుంది, కప్పునంటే అంచు పట్టె ఎంత ముందుకు వస్తుందో అంత పొట్టిదవుతుంది. వెలుపలికి పొడుచుకొచ్చిన మూలలో కప్పునంటే అంచే పొడవు. ఇక 'రహిఁ గూడె' అన్న తరువాత మళ్ళీ 'బట్టె' (అమరింది) అనడం పునరుక్తి. 'రంప మీడ్వ రెండు రవ్వంత వీడక' అంటే యతి చెడదు, మాట వృథా పోదు.

సభ్యురాలు: సవరణ శిరోధార్యం, గురువుగారూ. గోడ అంచునే కొలిచి, గోడ మీద పెన్సిలు గీత దాకా ఆనించి చూసుకొన్నాను. మా గది మూల సరిగ్గా 90 డిగ్రీలు లేనందువల్ల ముందు రెండు పనికిరాని ముక్కలు కోసి మూలలో పట్టి చూడవలసి వచ్చింది. కొద్దిగా మిగిలిన సందును పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ముద్దతో పూడ్చి తడి వేలితో నునుపు చేశాను.

రెండవ పూరణ (లెస్టర్ సభ్యుడు, ఇంగ్లండులో ఈ పనిని ఇంటివారే చేసుకోవడం మామూలు)

నిన్న నిట్టె కోసి నిచ్చెన నెక్కితి
లోని మూల కోఁత లోప మయ్యె
నేఁడు తెలిసికొంటి, నేలపై బోర్లించి
పైది క్రిందు సేయఁ బట్టె మూల.

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి, నడక హాయిగా ఉంది. నా అభ్యంతరం ఒక్క 'బోర్లించి' మీదనే, అది చిన్నది కాదు. బోర్లిస్తే పట్టె ముఖం నేలకు పోతుందే తప్ప పై అంచూ క్రింది అంచూ వాటంతట అవి తారుమారు కావు. నేలపై పరచి నిట్టనిలువుగా కోస్తే పట్టెకు ఉండే ఏటవాలు లెక్కలోకి రాదు, కనుక 45 డిగ్రీలు కోసినా మూల నోరు తెరుస్తుంది. చేసిన పని ఒకటి, పద్యంలో చెప్పినది ఇంకొకటి అయినట్లుంది.

సభ్యుడు: నిజమేనండీ, చేసింది పెట్టెలోనే, యతి కోసం 'నేలపై' వచ్చి చేరింది. 'నేఁడు తెలిసికొంటి నిలువుగాఁ ద్రిప్పుట' అంటే సరిపోతుందా?

నిర్వాహకుడు: సరిపోతుంది. ఏ, ఇ లకు మైత్రి ఉంది.

మూడవ పూరణ (గుంటూరు సభ్యుడు)

గీఁత గీయలేదు, గీరలే దా గోడ,
మేకు లేదు క్రింద మేర కొకటి,
తడికి ముద్ద జాఱఁ దన బరువున లాగి
పైది క్రిందు సేయఁబట్టె మూల.

నిర్వాహకుడు: ఈ విరుపు కోసమే ఎదురుచూశాను. 'సేయఁబట్టె' అంటే చేయసాగింది అన్న అర్థంలో, మూలే కర్తగా నిలిచి, పైన అతికించిన పట్టెను క్రిందికి దింపుతున్నది! రంగు వేసిన నున్నటి గోడను గీరి గరుకు చేయకపోతే ముద్దకు పట్టు దొరకదు. గట్టిపడేదాకా క్రింది అంచున తాత్కాలికంగా మేకులు ఆనుగా ఉండాలి. రెండు తప్పులనూ రెండు పాదాలలో చెప్పి ఫలితాన్ని మూడవ పాదంలో చూపారు. 'మేర కొకటి' మాత్రం పలుచగా ఉంది. నేను ఇంకొక కారణం కూడా అనుమానిస్తున్నాను: గట్టిపడడం మొదలైన ముద్దలో మళ్ళీ నీళ్ళు పోసి కలిపారా?

సభ్యుడు: కలిపానండీ. గిన్నె నిండా ఒకేసారి కలిపితే మూడవ పట్టె దగ్గరికి వచ్చేసరికి తాపీకి గడ్డలు తగిలాయి, నీళ్ళు చిలకరించి మెదిపాను. జారినది సరిగ్గా ఆ పట్టే. ఇప్పుడు దాన్ని దించి, వెనుక అంటిన పాత ముద్ద గీకేసి, గోడను గీరి తడిపి, పట్టెకొకసారి చొప్పున నీళ్ళలో పొడి చల్లి కలుపుకొని మళ్ళీ ఎత్తాను. మేకులు ఇంకా తీయలేదు.