కాల్షియం 11.6, పీటీహెచ్ 164, స్కాన్‌లో మాత్రం ఏమీ లేదు: అమ్మకు ఆపరేషన్ చేయించాలా?

అమ్మకు 57 ఏళ్లు. నీరసం, ఒళ్లు నొప్పులు, మలబద్ధకం ఉంటే ఇన్నాళ్లూ వయసు ప్రభావమనే అనుకున్నాం. కిడ్నీలో రాళ్లు మళ్లీ రావడంతో యూరాలజిస్ట్ రక్తపరీక్షలు రాశారు. కాల్షియం 11.6, పీటీహెచ్ (రక్తంలో కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్) 164, రెండూ ఎక్కువే; విటమిన్ డి మాత్రం 13, తక్కువ. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో ఎముకలు గుల్లబారాయని తేలింది.

థైరాయిడ్ వెనక ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఒకదానికి కణితి వచ్చి ఉంటుందని, ఇది సాధారణంగా క్యాన్సర్ కాదని, ఆపరేషనే మేలని ఎండోక్రైనాలజిస్ట్ చెప్పారు. తీరా చూస్తే అల్ట్రాసౌండ్‌లోనూ, మందు ఎక్కించి ఈ గ్రంథుల్ని వెతికే సెస్టామిబి స్కాన్‌లోనూ ఏదీ కనపడలేదు. "కనపడనిదానికి కోత ఎందుకు?" అని మా బాబాయి ఒకటే గొడవ. జబ్బు ఉందని చెప్పేది రక్తపరీక్ష, స్కాన్ చోటు చూపించడానికేనని ఎంత చెప్పినా వినరు.

ఇలా స్కాన్‌లో దొరక్కపోయినా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉన్నారా? ముందు ఫోర్‌డీ సీటీ (గ్రంథిని వెతకడానికి కాసేపటి తేడాతో పలుమార్లు తీసే సీటీ స్కాన్) తీయించారా, నేరుగా నాలుగు గ్రంథులూ తెరిచి చూశారా? డాక్టర్ తక్కువ మోతాదులో విటమిన్ డి రాశారు, కాల్షియం ఇంకా పెరుగుతుందేమోనని అమ్మ వేసుకోవడం లేదు. మీకూ ఇచ్చారా? ఆపరేషన్ తర్వాత కాల్షియం బాగా పడిపోయి తిమ్మిర్లు వస్తాయట, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. హైదరాబాద్‌లోగానీ విజయవాడలోగానీ ఈ ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్ తెలిస్తే చెప్పండి.