రోమ్‌లో మొదటి రోజు: టెర్మినీ రైల్వే స్టేషన్‌లో సామాను ఇవ్వడానికి ఎంతసేపు?

మేం ఇద్దరం, 23 కిలోల సూట్‌కేసులు రెండు. ఉదయం 7:10కి ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టులో దిగుతాం. ఇమిగ్రేషన్ అయ్యాక లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైల్లో టెర్మినీకి 32 నిమిషాలు, అంటే 9:30 అనుకుంటున్నాం. కొలోసియం ఎంట్రీ 10:45. పేరు, టైముతో ఇచ్చిన టికెట్లు. లోపలికి పెద్ద బ్యాగులు రానివ్వరు, క్లోక్‌రూమ్ కూడా లేదు.

అపార్ట్‌మెంట్ ఓనర్‌ని అడిగితే మూడింటికి ముందు సామాను పెట్టుకోవడం కుదరదన్నారు. కొలోసియానికి మధ్యాహ్నం స్లాట్లు చూశాం, అన్నీ అయిపోయాయి. సామాను వదిలించుకుంటే చాలు, దారి సమస్య కాదు: టెర్మినీ నుంచి మెట్రో బి లైన్‌లో కొలోసియం రెండో స్టేషనే. సెక్యూరిటీ లైను కోసం 10:30కల్లా అక్కడుండాలి.

వారం మధ్యలో ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో టెర్మినీ లగేజీ కౌంటర్‌లో సామాను ఇచ్చి బయటపడటానికి మీకు ఎంతసేపు పట్టింది?