జెమ్స్ బిళ్లలతో లెక్కలు నేర్పుతున్నా, ఒక చోట ఆగిపోయాం

మేముండేది హనుమకొండలో. మా పాపకు నాలుగున్నరేళ్లు. ఇరవై దాకా గడగడా చెప్తుంది కానీ, ఐదు పుట్నాలు ఇమ్మంటే గుప్పెడు తెచ్చి పెడుతుంది. అందుకే పుస్తకం పక్కన పెట్టి చిరుతిళ్లతో మొదలుపెట్టాను. జెమ్స్ బిళ్లల్ని రంగుల వారీగా వేరు చేయడం రెండు రోజుల్లో వచ్చేసింది. పండక్కి చేసిన సకినాలు, మురుకులు, గరిజెలు కూడా మూడు గిన్నెల్లో సర్దింది. విరిగిన సకినం ఏ గిన్నెలోకి అని అడిగితే నోట్లో వేసుకుంది, అది వేరే సంగతి.

చిక్కంతా ఇక్కడే. రెండు వరుసల్లో ఆరేసి బిళ్లలు పెట్టి, ఒక వరుసలోని బిళ్లల్ని దూరం దూరంగా జరిపితే అందులోనే ఎక్కువున్నాయంటుంది. లెక్కపెట్టించినా అదే మాట. ఈ వయసులో ఇది మామూలేనని, ఆరేడేళ్లకు దానంతటదే అర్థమవుతుందని పిల్లల ఆలోచనా తీరు మీద పరిశోధన చేసిన పియాజే చెప్పాడట. అయినా టెన్షన్. మా అత్తమ్మేమో "బిడ్డను సతాయించకు, తిననియ్యి" అంటది.

మీరైతే ఏం చేశారు? రెండు వరుసల్లోని బిళ్లల్ని జోడీలుగా కలిపించాలా, కొన్నాళ్లు వదిలేయాలా? రంగు, సైజు రెండూ చూసి వేరు చేయించడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చా? తీపి లేని, కాస్త పెద్ద సైజువి ఏమైనా ఉంటే చెప్పండి. ఇంట్లో రెండేళ్ల చిన్నోడున్నాడు, గొంతులో ఇరుక్కుంటాయని ఇవన్నీ వాడు పడుకున్నాకే బయటకు తీస్తున్నా.