వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి

మాకు ఇద్దరు పిల్లలు, ఇక చాలనుకున్నాం. రెండూ సిజేరియన్లే కాబట్టి మా ఆవిడకు మళ్లీ ఆపరేషన్ వద్దు, నేనే చేయించుకుంటానన్నాను. అమ్మ మాత్రం 'బరువులు ఎత్తేవాడివి, నీరసపడిపోతావు' అని ఒకటే గొడవ. కత్తి గాటు, కుట్లు లేని పద్ధతి ఉందని, మత్తు ఆ చోటికే ఇస్తారని, హార్మోన్లు మామూలుగానే తయారవుతాయని డాక్టరు చెప్పారు. సుమారు 3 నెలల తర్వాత పరీక్షలో వీర్యకణాలు లేవని తేలేదాకా కండోమ్ తప్పదట (ఈ సంగతి చాలామందికి తెలియదు).

నా పని మూటలు మోయడం. మీరు ఎన్నాళ్లకు మళ్లీ బరువులు ఎత్తారు? నొప్పి ఎలా ఉంది? ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించారా, చెప్పకుండానే కానిచ్చేశారా? స్నేహితుల వెక్కిరింపులు నేను చూసుకుంటాను, అమ్మతోనే టెన్షన్.