కప్పాఫైకస్ సాప్ ఆరు రోజులకే కంపు, పిప్పి నుంచి తీసిన క్యారాజీనన్ జావ: ఎక్కడ తప్పు?

ఉప్పుటేరు:
తమిళనాడులోని మండపం వైపు నుంచి తెచ్చిన పచ్చి కప్పాఫైకస్ (క్యారాజీనన్ అనే జెల్ పదార్థం ఇచ్చే సముద్రపు నాచు) 100 కిలోలతో ట్రయల్ బ్యాచ్ వేశాం. మంచినీళ్లతో కడిగి, నూరి, నైలాన్ గుడ్డలో పిండితే 62 లీటర్ల సాప్ (పంటలకు వాడే నాచు రసం) వచ్చింది. కుళ్లకుండా లీటరుకు 1 గ్రాము సోడియం బెంజోయేట్ కలిపి క్యాన్లలో నింపితే ఆరో రోజుకి క్యాన్లు ఉబ్బాయి, లోపల కుళ్లు వాసన. మిగిలిన 38 కిలోల పిప్పిని తడిగానే 80 లీటర్ల 6 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి, 75 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాం. కడిగి, ఎండబెట్టి, పొడి కొట్టి 1.5 శాతం జెల్ చేస్తే చెంచాకి అంటుకునే జావ అయింది. ఉడికించిన నీళ్లు కూడా జిగటగా మారాయి. రెండిట్లో ఏది ఎక్కడ తప్పింది? ఇదే నాచు మన ఆంధ్రా తీరంలో పెంచుకునే వీలుందా?

పిప్పిపొటాష్:
జిగట నీళ్లలోనే జవాబుంది. మీ క్యారాజీనన్ అందులోకి దిగిపోయింది, దాన్ని మీరు పారబోశారు.

కప్పా రకం క్యారాజీనన్ వేడిలో కూడా పిప్పిలోనే ఉండాలంటే చుట్టూ పొటాషియం ఉండాలి. కాస్టిక్ సోడాలో సోడియమే ఉంది. పచ్చి నాచులో సొంత పొటాషియం దండిగా ఉంటుంది గానీ, సాప్ పిండినప్పుడే అందులో చాలావరకు సాప్‌తో వెళ్లిపోయింది. సాప్ తీసిన పిప్పికి సోడా వాడితే నష్టం ఇంకా ఎక్కువ కావడం అందుకే. కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) వాడండి. ఖర్చు బరువనిపిస్తే సోడాతో పాటు పొటాషియం క్లోరైడ్ కలిపినా పని నడుస్తుంది. ఎర్ర రంగు ఎరువు పొటాష్ మాత్రం వద్దు, అందులో ఇనుము ఉంటుంది.

రెండో తప్పు లెక్కలో ఉంది. తడి పిప్పి 38 కిలోల్లో 30 లీటర్లకు పైగా నీరే. మీ 80 లీటర్లలో ఉన్న క్షారం 4.8 కిలోలు. ఆ నీరు కలిశాక మొత్తం 110 లీటర్లు, అంటే మీరు ఉడికించింది 4.4 శాతం ద్రావణంలో. 110 లీటర్లకు 6 శాతం కావాలంటే 6.6 కిలోల స్వచ్ఛమైన కాస్టిక్ పొటాష్ పడుతుంది. బజారులో దొరికే రేకులు 85 శాతం స్వచ్ఛత అయితే 7.8 కిలోలు తూచాలి. రేకుల్ని కొంచెం కొంచెంగా నీళ్లలో వేయండి, రేకుల మీద నీళ్లు పోయకండి. అల్యూమినియం గిన్నె అసలు వద్దు, క్షారంతో కలిసి హైడ్రోజన్ వాయువు వస్తుంది.

75-80 డిగ్రీలు, రెండు మూడు గంటలు. ఈ వేడిలోనే క్షారం క్యారాజీనన్ గొలుసులో ఆరో స్థానంలోని సల్ఫేట్‌ని తీసేసి 3,6-అన్‌హైడ్రోగెలాక్టోజ్ అనే చక్కెర రూపం చేస్తుంది. జెల్ బలం అక్కడే పుడుతుంది. కడగడానికి చల్లని నీళ్లే వాడండి. వేడి నీళ్లు పోస్తే మిగిలిన పొటాషియం కొట్టుకుపోయి మళ్లీ జావ మొదలవుతుంది.

బలం చూడటానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. 1.5 శాతం పొడి, 0.2 శాతం పొటాషియం క్లోరైడ్ వేడి నీళ్లలో కరిగించి, రాత్రంతా 20 డిగ్రీల దగ్గర ఉంచండి. గిన్నెని ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టి రీడింగ్ సున్నా చేసి, 11.3 మిల్లీమీటర్ల వ్యాసం, చదునైన అడుగు ఉన్న కడ్డీతో నెమ్మదిగా నొక్కండి. పైపొర చిట్లే క్షణంలో తూకం చూపే అంకె చదరపు సెంటీమీటరుకి ఇన్ని గ్రాములన్నమాట. కడ్డీ అడుగు సరిగ్గా ఒక చదరపు సెంటీమీటరు కాబట్టి వేరే లెక్క అక్కర్లేదు.

నాచుడబ్బా:
సాప్ సంగతి నేను చెప్తాను. మీ సాప్ పీహెచ్ ఎంతుంది?

ఉప్పుటేరు:
6.5.

నాచుడబ్బా:
అదే కారణం. సూక్ష్మజీవులని ఆపేది బెంజోయేట్ లవణం కాదు, అది ఆమ్లంగా మారిన భాగం. 6.5 దగ్గర ఆ భాగం అర శాతమే, పీహెచ్ 4 కి దించితే 60 శాతం. మీరు వేసిన గ్రాము మొత్తం క్యాన్‌లో ఊరికే ఉంది. ఒక లీటరు సాప్ విడిగా తీసుకుని, సిట్రిక్ ఆమ్లం తూచి వేస్తూ 4.0 వచ్చే మోతాదు పట్టుకోండి, దాన్ని బట్టి మొత్తానికి కలపండి. అప్పుడు మడ్డి అడుక్కి చేరుతుంది, వడగట్టి, చివర్లో బెంజోయేట్ వేయండి. తలకిందులుగా చేస్తే మడ్డిలోనే కొంత పోతుంది.

ఇంకో మాట. మంచినీళ్లతో కడగడం పొరపాటు. ఉప్పు నీటికి అలవాటుపడ్డ కణాలు మంచినీళ్లలో పగిలి, సాప్ నూరకముందే కాలవలో కలుస్తుంది. సముద్రపు నీళ్లతోనే ఇసుక వదిలించండి. కోసిన నాచు గోతాల్లో పోగుపడితే లోపల వేడెక్కి కుళ్లు అక్కడే మొదలవుతుంది, ఏ ఆమ్లమూ దాన్ని వెనక్కి తేలేదు. నూరుడు ఒడ్డు పక్కనే, కోసిన రోజే.

అమ్మే ఆలోచన ఉంటే: 2021 ఫిబ్రవరి నుంచి సీవీడ్ (సముద్రపు నాచు) సారాలు బయోస్టిమ్యులెంట్ల (పంట పెరుగుదలని ప్రేరేపించే ఉత్పత్తుల) కింద ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి వచ్చాయి. రిజిస్ట్రేషన్ లేకుండా సీసా బయటికి పంపకూడదు. ఆ 2021 ఉత్తర్వు ప్రకారం పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) దాటకూడదు.

ఉప్పుటేరు:
సరేనండి, పొటాష్ ద్రావణం ఒకసారి వాడాక పారబోయాలా?

పిప్పిపొటాష్:
పారబోస్తే డబ్బూ పోతుంది, కాలవా పోతుంది. వడగట్టి మళ్లీ వాడండి. 10 మిల్లీలీటర్లు తీసి 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తే (క్షారం తీరేదాకా ఆమ్లం బొట్టుబొట్టుగా కలిపి కొలిస్తే) 6 శాతానికి 10.7 మిల్లీలీటర్లు పట్టాలి. 8 పడితే 4.5 శాతమే ఉందని అర్థం, తగ్గింది కలిపి సరిచేయండి. ద్రావణం ముదురు గోధుమ రంగులో ఉంటే ఫినాల్ఫ్తలీన్ సూచిక రంగు మారడం కనబడదు, పదింతలు పలచన చేయండి లేదా పీహెచ్ మీటర్ పెట్టండి. ఇక పనికిరాదనుకున్నప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లంతో తటస్థం చేస్తే పొటాషియం ఫాస్ఫేట్ నీళ్లే, పొలానికి పోతాయి. సోడాతో చేస్తే ఈ దారి మూసుకుపోతుంది, సోడియం నేలని చెడగొడుతుంది.

తీరంగాలి:
పెంపకం మాట. మండపం దగ్గర పాక్ అఖాతం వైపు కెరటం తక్కువ కాబట్టి 12 అడుగుల చదరపు వెదురు తెప్పలు నడుస్తున్నాయి. తెప్పకి 60 కిలోల విత్తనం, 45 రోజులకి 260 కిలోల వరకు కోత. అందులో 60 మళ్లీ విత్తనానికి తీస్తే మిగిలిన 200 ఎండి 20 కిలోలు. మన తీరంలో అలాంటి మరుగు చోటు తక్కువ, తెప్ప కెరటాలకి నిలవదు. గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గర వరదలప్పుడు ఉప్పుదనం పడిపోతుంది. కప్పాఫైకస్‌కి ఉప్పుదనం 30 పీపీటీ (వెయ్యి భాగాల్లో 30) పైన ఉండాలి. తగ్గితే కొమ్మలు తెల్లబడి విరిగిపోతాయి, ఐస్-ఐస్ అంటారు దాన్ని. పైగా ఇది బయటి జాతి. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి పగడాల మీద ఇది పాకినట్టు 2008లోనే నివేదించారు. మత్స్యశాఖ అనుమతి లేకుండా తాడు కట్టకండి.

నా ఓటు గ్రాసిలేరియా అనే ఇంకో నాచుకి. మన దగ్గరి జాతే, ఉప్పుదనం హెచ్చుతగ్గులు చాలావరకు ఓర్చుకుంటుంది, రొయ్యల చెరువు నుంచి వదిలే నీళ్లలోని అమ్మోనియా తిని పెరుగుతుంది. కాకపోతే చెరువు 10 పీపీటీ లోపు ఉంటే దీనికీ కష్టమే, ముందు రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పుదనం చూపే పరికరం) నెల రోజులు కొలవండి. గ్రాసిలేరియా నుంచి వచ్చేది అగర్ అనే వేరే జెల్ పదార్థం, దానికి పొటాషియం గొడవ లేదు. మీ దగ్గర మిగిలిన కాస్టిక్ సోడా అక్కడ పనికొస్తుంది.